అచ్చయిన పుస్తకాన్ని దిద్దే హక్కు ఎవరిది?

ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా మెయిల్లో భద్రంగా ఉంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు కట్టడానికి సిద్ధంగా ఉండే కోడ్ చట్రం) మీద వచ్చిన ఓ పుస్తకానికి నేను సాంకేతిక సమీక్ష చేశాను. ముందుమాటలో నా పేరు చూసి రాశాడతను. "సార్, మూడుసార్లు మొదటి నుంచీ చేసి చూశాను. రెండో అధ్యాయంలోనే ఆగిపోతున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు."

అతను చేసిన తప్పేమీ లేదు. పుస్తకంలో ఉన్న ఆదేశాన్ని పొల్లుపోకుండా టైపు చేశాడు. ఆ ఆదేశం ఫలానా ప్యాకేజీని, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటను, తెచ్చిపెట్టమంటుంది, ఏ వెర్షన్ కావాలో చెప్పదు. మేం పుస్తకం సిద్ధం చేసే రోజుల్లో అదే ఆదేశానికి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దింపిపెట్టే సాధనం) ఆ ప్యాకేజీ నాలుగో వెర్షన్ తెచ్చిచ్చేది. అతని చేతికి పుస్తకం వచ్చేసరికి ఐదోది తెస్తోంది. ఐదులో ఒక ఫంక్షన్ పేరు మారింది. తెర నిండా ఎర్రక్షరాలు. ఎదురుగా పుస్తకంలో మాత్రం "ఇప్పుడు మీ బ్రౌజర్లో స్వాగత పేజీ కనిపిస్తుంది" అన్న వాక్యం నిబ్బరంగా ఉంది.

"ఎక్కడ తప్పు చేస్తున్నానో" అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పుస్తకానికీ తెరకీ పొంతన కుదరకపోతే ముందు తమనే అనుమానించుకుంటారు. ప్యాకేజీ పేరు చివర ఎట్ గుర్తు పెట్టి 4 అని చేర్చమని జవాబు రాశాను. అరగంటలో పనైపోయిందని తిరిగి రాశాడు. కానీ ఆ ఒక్క అంకె పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. మలి ముద్రణలో చూద్దామన్నారు ప్రచురణకర్తలు. మొదటి ముద్రణ ప్రతులు అమ్ముడైతే కదా మలి ముద్రణ! ఈ-బుక్ అయినా దిద్దమంటే, దాన్ని అచ్చు లేఅవుట్ నుంచి బయటి సంస్థ తయారుచేసింది కాబట్టి ఒక్క వరుస కోసం మళ్లీ పంపలేమన్నారు.

ఆ ఫ్రేమ్‌వర్క్ ఓపెన్ సోర్స్. దాని కోడ్‌లో తప్పు కనిపిస్తే నేనే సరిచేసి పంపొచ్చు, నచ్చితే వాళ్లు కలుపుకుంటారు. దాని గురించి రాసిన పుస్తకంలో ఒక అంకె చేర్చడానికి మాత్రం రచయితకే వీల్లేదు. ఈ రంగంలో లైసెన్సులు, ఒప్పందాలు, రాయల్టీలు, ఫైల్ ఫార్మాట్లు అన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని కనిపిస్తాయి. సాధనం కదిలినప్పుడు పుస్తకాన్ని ఎవరు, ఎంత తొందరగా దిద్దగలరు అన్న ప్రశ్నను కొసగా పట్టుకుని లాగితే ఆ చిక్కు చాలావరకు విడిపోతుందని నా నమ్మకం.

అసలు పుస్తకం ఎందుకు?

డాక్యుమెంటేషన్ (సాధనం వాడకాన్ని వివరించే పత్రాలు) ఉచితంగా దొరుకుతుండగా డబ్బు పెట్టి పుస్తకం కొనడమెందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషకు పూర్తి మాన్యువల్ ఉంది. బ్రౌజర్ టెక్నాలజీలకు 2005 నుంచి మొజిల్లా నడుపుతున్న ఎండీఎన్ అనే డాక్యుమెంటేషన్ సైటు ఉంది. వాటిలో లేని సమాచారం ఏ పుస్తకంలోనూ ఉండదు. అయితే నిఘంటువు చదివి భాష నేర్చుకున్నవాళ్లు ఎక్కడా ఉండరు. ఏది ముందు తెలియాలి, ఏది తర్వాత తెలిసినా ఫరవాలేదు, ఏది అసలు తెలియకపోయినా బండి నడుస్తుంది అన్నది డాక్యుమెంటేషన్ చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు. అది అన్ని తలుపులనూ ఒకే తీరుగా తెరిచి ఉంచాలి.

మంచి రచయిత చేసే పని వదిలెయ్యడం. ఒక ఫంక్షన్‌కు పన్నెండు ఆప్షన్లు ఉంటే రెండు చెప్పి, మిగతా పదీ అవసరం పడ్డప్పుడు చూసుకోమంటాడు. ఆ రెండు ఏవో తెలియాలంటే ఆ సాధనంతో కొన్నేళ్లు పనిచేసి దెబ్బలు తిని ఉండాలి. పాఠకుడు డబ్బు పెట్టేది ఆ ఎంపికకు, ఆ వరుసకు. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగినా క్షణంలో జవాబిస్తుంది, అడిగినదానికి. ఏం అడగాలో తెలియని దశలో ఉన్నవాళ్లకు ఎవరో ఒకరు దారి వేసిపెట్టాలి. ఆ అవసరం ఇంకా తీరలేదని నాకు వచ్చే ఉత్తరాలే చెబుతున్నాయి.

రెండు గడియారాలు

పేరున్న ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకం రావాలంటే ముందు ప్రతిపాదన, తర్వాత ఒప్పందం, చిత్తుప్రతి, సాంకేతిక సమీక్ష, భాషా సంస్కరణ, లేఅవుట్, ప్రూఫులు, విషయసూచిక, అచ్చు. అంతా సజావుగా సాగినా ఏడాది పైమాటే. ఈలోపు సాధనం తన దారిన తాను పోతూనే ఉంటుంది. దాన్ని ఆపే అధికారం రచయితకూ లేదు, ప్రచురణకర్తకూ లేదు.

జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కథ ఇందుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. ఆ ఫ్రేమ్‌వర్క్‌ను తయారుచేసినవాళ్లలో ఇద్దరు, అడ్రియన్ హొలొవాటీ, జేకబ్ కాప్లాన్-మాస్, స్వయంగా కూర్చుని 'ది జాంగో బుక్' రాశారు. అంతకన్నా అర్హత ఇంకెవరికి ఉంటుంది? అచ్చుకు ముందే అధ్యాయాలను ఆన్‌లైన్లో పెట్టి, ప్రతి పేరా పక్కన పాఠకులు వ్యాఖ్య రాసే ఏర్పాటు చేశారు. 2007 డిసెంబరులో ఏప్రెస్ ద్వారా పుస్తకం వచ్చింది. అది 0.96 వెర్షన్ మీద ఆధారపడింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2008 సెప్టెంబరులో, 1.0 వచ్చింది. జాంగోకి పేరు తెచ్చిన భాగం దాని అడ్మిన్ తెర, అంటే సైటులోని సమాచారాన్ని చేర్చి దిద్దే పేజీలు. 0.96లో మోడల్ (సమాచారం ఏ రూపంలో ఉండాలో చెప్పే కోడ్) లోపలే 'క్లాస్ అడ్మిన్' అని రెండు వరుసలు రాస్తే ఆ మోడల్ అడ్మిన్‌లో ప్రత్యక్షమయ్యేది. 1.0లో ఆ పద్ధతిని ఎత్తేసి, విడిగా ఒక ఫైల్లో మోడల్‌ను నమోదు చేసే విధానం తెచ్చారు. కొత్తవాళ్లను కూర్చోబెట్టే అధ్యాయం ఏదో సరిగ్గా అదే పని చేయకుండా పోయింది. రెండో కూర్పు 2009లో వచ్చింది. మధ్య కాలంలో కొన్నవాళ్ల మాటేమిటి? పుస్తకం పూర్తి పాఠం ఆన్‌లైన్లో ఉండబట్టి, తేడా ఎక్కడొస్తోందో ఒకరికొకరు చెప్పుకునే వీలు కలిగింది.

రెయిల్స్ అనే మరో వెబ్ ఫ్రేమ్‌వర్క్ దగ్గర ఇంకో దారి తొక్కారు. 2005లో ప్రాగ్మాటిక్ బుక్‌షెల్ఫ్ రెయిల్స్ పుస్తకాన్ని ఇంకా రాస్తుండగానే పీడీఎఫ్‌గా అమ్మడం మొదలుపెట్టింది. దానికి బీటా పుస్తకం అని పేరు పెట్టారు. కొన్నవాళ్లకు కొత్త చిత్తుప్రతి వచ్చినప్పుడల్లా అందేది. తప్పులు వాళ్లే పట్టి పంపేవారు. ఆ ఏడాది డిసెంబరులో రెయిల్స్ 1.0 విడుదలయ్యే నాటికే పుస్తకం పాఠకుల చేతుల్లో ఉంది. సాధనం కన్నా పుస్తకం ముందు పెద్దదైందన్నమాట. ఆ తర్వాత చాలా సంస్థలు రకరకాల పేర్లతో ఇదే పద్ధతి పట్టుకున్నాయి. ఇది బాగా పనిచేయడానికి కారణం ఒక్కటే, ఆ కొద్ది నెలలూ పుస్తకం దిద్దుబాటుకు తెరిచి ఉంది. అచ్చయిన మరుక్షణం మళ్లీ తలుపు మూసుకుంటుంది.

పాతబడటం కూడా ఒకే తీరుగా ఉండదు. జాంగో అడ్మిన్‌లా కొన్ని నేరుగా విరిగిపోతాయి. కొన్ని పనిచేస్తూనే మోటుబారిపోతాయి. వెబ్ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ సాధనం రియాక్ట్‌లో, 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ అనే కొత్త రాతపద్ధతి వచ్చింది. అంతకుముందు పుస్తకాల్లోని పాత పద్ధతి క్లాస్ కాంపొనెంట్లు నేటికీ నడుస్తాయి, కానీ వాటితో నేర్చుకున్నవాళ్లు ఉద్యోగంలో చేరి తోటివాళ్ల కోడ్ తెరిస్తే వేరే భాష చూసినట్టుంటుంది. ఇంకొన్ని పేరు నిలుపుకుని లోపల మనిషి మారిపోయినట్టు మారతాయి. 2016 సెప్టెంబరులో వచ్చిన యాంగ్యులర్ 2 అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కీ అంతకుముందున్న యాంగ్యులర్‌జేఎస్‌కీ పేరు తప్ప పోలిక తక్కువ. అట్ట మీద పేరు చూసి పాత పుస్తకం కొనుక్కున్న పాఠకుణ్ణి ఎవరు తప్పుపడతారు? ఇక కొన్ని దిక్కులేనివవుతాయి. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఏళ్ల తరబడి ప్రతి పుస్తకం మొదటి అధ్యాయంలో చెప్పిన 'క్రియేట్ రియాక్ట్ యాప్'ను 2025 ఫిబ్రవరిలో ఇక వాడొద్దని ఆ బృందమే ప్రకటించింది.

ఈ నాలుగింటిలో మొదటిదే పాఠకుణ్ణి ఎక్కువ ఏడిపిస్తుంది, నిజానికి దాన్ని అరికట్టడమే సులువు. ఎన్‌పీఎం ప్యాకేజీ జాబితాలో వెర్షన్ ముందు చిన్న టోపీ గుర్తు ఉంటుంది. అదే పెద్ద వెర్షన్‌లో, అంటే మొదటి అంకె మారకుండా, ఇంతకన్నా కొత్తది ఏదొచ్చినా తీసుకో అని దానర్థం. అంటే ఈరోజు ఒకరికి, ఆర్నెల్ల తర్వాత ఇంకొకరికి వేర్వేరు సరంజామా దిగుతుంది. 2017లో ఎన్‌పీఎం 5తో వచ్చిన లాక్ ఫైల్ ఈ తేడా లేకుండా ప్రతి ప్యాకేజీ అసలు వెర్షన్‌ను నమోదు చేసి ఉంచుతుంది. పుస్తకం కోడ్‌తో పాటు లాక్ ఫైల్ కూడా ఇచ్చి, ఏ ఆదేశంతో దాన్ని యథాతథంగా దింపుకోవాలో ఒక వాక్యంలో చెబితే, నాకు వచ్చిన ఆ ఉత్తరం వచ్చేదే కాదు. అప్పట్లో ఆ ఆలోచన నాకే తట్టలేదు. సమీక్షకుడిగా అది పట్టుకోవాల్సింది నేనే.

ఇన్‌స్టాలేషన్ అధ్యాయం అచ్చులో ఉండకూడదన్నది ఇప్పుడు నా స్థిరాభిప్రాయం. అది పుస్తకంలో అన్నిటికన్నా ముందు చెడిపోయే భాగం, పాఠకుడు అన్నిటికన్నా ముందు చేసే పని. ఆ రెండూ ఒకచోట ఉంటే ఎంత ప్రమాదమో! దాన్ని ఆన్‌లైన్లో పెట్టి, పుస్తకంలో చిరునామా ఇవ్వాలి. హెచ్‌టీటీపీ అభ్యర్థన ఎలా ప్రయాణిస్తుంది, కుకీ ఎందుకు కావాలి, డేటాబేస్ ప్రశ్నలు ఎందుకు నెమ్మదిస్తాయి, ఒక పనిని ఎక్కడ విడగొట్టాలి లాంటి విషయాలకు అచ్చు కాగితం ఇవ్వాలి. అవి పదేళ్లకీ చెక్కుచెదరవు. దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్‌ను ఎంచుకోవడం కూడా ఎంతో మేలు. జాంగోలో అలాంటి వెర్షన్లకు మూడేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి. ఆ మూడేళ్లూ పుస్తకానికి ఊపిరి.

ఎవరి హక్కు ఏది

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. సాధనం ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన దాని గురించి రాసిన పుస్తకం ఓపెన్ అవ్వదు. కోడ్ లైసెన్సు కోడ్ వరకే. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్న సాధనం మీద పుస్తకం రాసి సర్వహక్కులూ మావేననుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సాధనం డాక్యుమెంటేషన్ నుంచి పేరాలు ఎత్తి పెట్టుకుంటే మాత్రం కథ మారుతుంది. ఎండీఎన్ పాఠం, రచనలను షరతులతో పంచుకోవడానికి తయారుచేసిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో 'పేరు చెప్పాలి, అదే లైసెన్సుతో పంచాలి' అనే రకం కింద ఉంది. అందులోంచి రెండు పేరాలు తెచ్చి కాస్త మార్చి సర్వహక్కుల పుస్తకంలో కలిపితే ఆ షరతు ఉల్లంఘించినట్టే. తెలియక చేసేవాళ్లను నేను చూశాను. సమీక్షలో పట్టుబడితే మర్యాదగా మార్చుకోవచ్చు, అచ్చయ్యాక పట్టుబడితే తలనొప్పి.

పుస్తకం లోపలా రెండు రకాల సరుకు ఉంది, వచనం ఒకటి, ఉదాహరణ కోడ్ ఒకటి. పాఠకుడు ఆ కోడ్‌ను తన ప్రాజెక్టులో వాడుకోవడానికే పుస్తకం కొన్నాడు. సర్వహక్కులూ ప్రచురణకర్తవే అని మొదటి పేజీలో ఉంటే, ఆ ఇరవై వరుసలను కంపెనీ ప్రాజెక్టులో పెట్టుకోవచ్చా లేదా అన్న సందేహంలో పడతాడు. మారెయిన్ హావర్‌బెకె 'ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్'లో దీన్ని చక్కగా తేల్చేశాడు. వచనానికి వాణిజ్యేతర వాడకానికి అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, కోడ్‌కు దాదాపు షరతుల్లేని ఎంఐటీ లైసెన్సు. ప్రతి సాంకేతిక పుస్తకానికీ ఈ విభజన ఉండాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

వచనానికి ఏ లైసెన్సు ఇవ్వాలన్నది గట్టి చర్చ. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2000లో గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు తెచ్చింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా ఉండి మాన్యువల్ బందీగా ఉంటే ఆ స్వేచ్ఛ కుంటిదన్నది ఆ ఫౌండేషన్ స్థాపకుడు రిచర్డ్ స్టాల్మన్ వాదం. ఆ వాదంతో నాకు పూర్తి ఏకీభావం. ఆ లైసెన్సులో మాత్రం 'మార్చరాని భాగాలు' అనే వెసులుబాటు పెట్టారు. రచయిత కొన్ని భాగాలను అలా గుర్తిస్తే తర్వాతి తరాలు వాటిని ముట్టుకోకూడదు, తీసేయకూడదు. దిద్దే హక్కు కోసం పుట్టిన లైసెన్సులో దిద్దరాని ముక్క! ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు 2006లో ఓటు పెట్టి, మార్చరాని భాగాలు లేని పత్రాలను మాత్రమే స్వేచ్ఛాయుతమైనవిగా ఒప్పుకుంది. పైగా ఆ లైసెన్సు కింద నాలుగు పేజీల కరపత్రం అచ్చువేసినా లైసెన్సు పాఠం మొత్తం జతచేయాలి. వికీపీడియా కూడా 2009లో దాన్నుంచి క్రియేటివ్ కామన్స్‌కు మారింది.

క్రియేటివ్ కామన్స్ తొలి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. వాటిలో ఏది ఎంచుకుంటామన్నదే పుస్తకం ఆయుష్షును నిర్ణయిస్తుంది. 'వాణిజ్య వాడకం వద్దు' అనేది ప్రచురణకర్తకు ఊరట, ఇంకెవరూ అదే పుస్తకాన్ని అచ్చువేసి అమ్మలేరు. ఫీజు తీసుకునే శిక్షణ తరగతిలో ఒక అధ్యాయం పంచితే అది వాణిజ్యమా కాదా అన్న సందేహం దాంతోపాటే వస్తుంది. 'మార్పులు వద్దు' అనే షరతు ఇంకా బరువైనది. అనువాదం కూడా మార్పు కిందే లెక్క. వెర్షన్ మారినప్పుడు ఒక ఆదేశాన్ని దిద్ది పంచడమూ అంతే. సాధనాల మీద వచ్చే పుస్తకానికి ఆ షరతు పెట్టడం మొక్కను కుండీతో సహా గాజుపెట్టెలో పెట్టినట్టు. ఇందుకు ఎదురు ఉదాహరణ, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనం మీద వచ్చిన 'ప్రో గిట్'. స్కాట్ చాకన్ రాసిన ఆ పుస్తకం 2009లో వచ్చింది, బెన్ స్ట్రాబ్‌తో కలిసి 2014లో రెండో కూర్పు తెచ్చారు. వాణిజ్యం వద్దన్నారు గానీ, అదే లైసెన్సుతో పంచితే మార్పులు చేసుకోమన్నారు. మూలపాఠం బహిరంగంగా ఉండటంతో పాఠకులు తప్పులు దిద్దారు, ఎన్నో భాషల్లోకి అనువదించారు. ఏప్రెస్ అచ్చు ప్రతులూ అమ్మింది.

లైసెన్సు విలువ తెలిసొచ్చేది మనుషులు తప్పుకున్నప్పుడు. హెచ్‌టీఎంఎల్5 మీద 2010లో వచ్చిన ఒక మంచి పుస్తకం, 'డైవ్ ఇంటూ హెచ్‌టీఎంఎల్5', పూర్తిగా ఆన్‌లైన్లో ఉండేది. ఓరైలీ దాన్ని వేరే పేరుతో అచ్చువేసింది. 2011 అక్టోబరులో రచయిత తన సైట్లన్నీ తీసేసి ఇంటర్నెట్ నుంచి తప్పుకున్నాడు. అది ఆయన ఇష్టం. పేరు చెబితే చాలు ఏమైనా చేసుకోవచ్చనే లైసెన్సుతో ఆయన ఆ పాఠాన్ని విడుదల చేసి ఉండటంతో, ఇతరులు కొద్ది రోజుల్లోనే కొత్త చిరునామాలో నిలబెట్టి, దిద్దుబాట్లు కూడా కొనసాగించారు. సర్వహక్కుల పుస్తకమైతే అదే రోజు పోయేది.

పేర్లూ లోగోల సంగతి వేరు. అది కాపీరైట్ కాదు, ట్రేడ్‌మార్క్. పుస్తకం దేని గురించో చెప్పడానికి సాధనం పేరు వాడటం మామూలే. లోగోను అట్ట మీద వేయాలన్నా, అధికారిక పుస్తకమన్న భ్రమ కలిగేలా పేరు పెట్టాలన్నా అడగాలి. వర్డ్‌ప్రెస్ పేరు మీది హక్కు 2010 నుంచి వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ దగ్గరుంది, ఆ పేరును డొమైన్‌లో పెట్టుకోవడానికి వాళ్లు ఒప్పుకోరు. పుస్తకానికి సైటు పెట్టుకునే ముందు ఆ నియమాలు ఒకసారి చదవడం మంచిది.

డబ్బు

అట్ట వెనక ధర వంద అనుకుందాం. పంపిణీదారుకూ దుకాణానికీ తగ్గింపు పోగా ప్రచురణకర్త చేతికి యాభై వచ్చిందనుకుందాం. రాయల్టీ శాతాన్ని చాలా ఒప్పందాల్లో లెక్కగట్టేది వందమీద కాదు, ఆ యాభైమీద. అది పది శాతమైతే రచయితకు అయిదు. ముందుగా అడ్వాన్సు తీసుకుని ఉంటే అది తీరేదాకా ఆ అయిదు కూడా రాదు. అమ్ముడుపోని ప్రతులను దుకాణాలు వెనక్కి పంపితే లెక్కలో కోత పడుతుంది. ఏడాదిన్నర రాసి, రెండేళ్లలో పాతబడే పుస్తకానికి ఈ లెక్క ఎంతవరకు గిట్టుబాటవుతుందో ఎవరికి వారే చూసుకోవచ్చు. అందుకే ఈ పుస్తకాలు రాసేవాళ్లలో అధికులు వేరే ఉద్యోగం చేస్తూ రాస్తారు. పుస్తకం వల్ల వచ్చే గుర్తింపు, శిక్షణ పనులు, సలహా పనులు రాయల్టీ కన్నా ఎక్కువ ఇస్తాయి.

లీన్‌పబ్ లాంటి స్వీయ ప్రచురణ సైట్లో రచయిత స్వయంగా పెట్టుకుంటే అమ్మకంలో 80 శాతం ఆయనదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త ప్రతి పెట్టొచ్చు, కొన్నవాళ్లకు అదీ అందుతుంది. దిద్దుబాటు మీటా రచయిత చేతిలోనే ఉంటుంది. దానికి బదులుగా సంపాదకుడు, సమీక్షకులు, ప్రూఫులు చూసేవారు అన్నీ తనే వెతుక్కోవాలి. మంచి సంపాదకుడు చేసే మేలు తెలిసినవాణ్ణి కాబట్టి ఇది చిన్న నష్టమని నేననలేను. గందరగోళంగా ఉన్న అధ్యాయాన్ని రెండుగా విడగొట్టి, మూడో భాగాన్ని పారేయమని చెప్పే మనిషి లేకపోతే పుస్తకం లావెక్కుతుంది.

చందా పద్ధతి ఈ లెక్కల్ని ఇంకోసారి మార్చింది. ఓరైలీ, పియర్సన్ కలిసి 2001లో సఫారీ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలుపెట్టాయి. 2017కి వచ్చేసరికి ఓరైలీ తన సైట్లో విడి పుస్తకాలు అమ్మడమే మానేసింది. చందాలో రచయితకు వచ్చే వాటా, పాఠకులు ఎంత చదివారన్నదాన్ని బట్టి ఉంటుంది. మరి ఆన్‌లైన్లో ఉచితంగా పెడితే అమ్మకం పడిపోదా? ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్ మొదటి నుంచీ ఉచితమే. నో స్టార్చ్ 2011, 2014, 2018, 2024 సంవత్సరాల్లో నాలుగు కూర్పులు అచ్చువేసింది. నష్టం వస్తే నాలుగోసారి వేయరు కదా.

వంకర కొటేషన్లు

దిద్దే హక్కు చేతిలో ఉన్నా దిద్దే వీలు లేకపోవచ్చు. ఆ వీలు ఫైల్ రూపాన్ని బట్టి ఉంటుంది.

వర్డ్ ప్రాసెసర్లో రాసిన చిత్తుప్రతి లేఅవుట్ సాఫ్ట్‌వేర్లోకి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూశాను. సాఫ్ట్‌వేర్ అందం కోసం నిటారు కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులుగా మారుస్తుంది. కథల పుస్తకానికి అది శోభ. జావాస్క్రిప్ట్‌కు అది వ్యాకరణ దోషం. ఆదేశాల్లో పక్కపక్కన ఉండే రెండు అడ్డగీతల్ని కలిపి ఒక పొడవాటి గీత చేస్తుంది. కాగితం మీద రెంటికీ తేడా కనపడదు, ఈ-బుక్ నుంచి కాపీ చేసి టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) అతికిస్తే అర్థంకాని ఆప్షన్ అని తిట్టుకుంటుంది. వరుస చివర పట్టని పెద్ద ఫైల్ చిరునామాను విరిచి, మధ్యలో లేని హైఫన్ పెడుతుంది. అచ్చు పేజీలో కోడ్ వరుసకు డెబ్భై అక్షరాల చోటుంటే గొప్ప. ఎడిటర్లో నూట ఇరవై అక్షరాలకు అలవాటుపడ్డ రచయిత ఆ వరుసలను విడగొట్టాలి. విడగొట్టాక మళ్లీ నడిపి చూడాలి. ఆ రెండో పని ఎవరూ చేయరు.

ఈ బాధలకు మందు చాలాకాలంగానే ఉంది. సాంకేతిక పుస్తకాల కోసమే 1991లో డాక్‌బుక్ అనే రాత ఫార్మాట్ మొదలైంది, 2002లో ఆస్కీడాక్, 2004లో మార్క్‌డౌన్ వచ్చాయి. మూడూ సాదా పాఠమే. పుస్తకం మొత్తం గిట్‌లో ఉంటుంది, ఒక ఆదేశంతో పీడీఎఫ్, ఈపబ్ (ఈ-బుక్ ఫార్మాట్), వెబ్ పేజీలు మూడూ తయారవుతాయి. వీటిలో నాకు ఆస్కీడాక్ అంటే ఇష్టం. ఉదాహరణ కోడ్‌ను అధ్యాయంలో టైపు చేయనక్కర్లేకుండా, నిజంగా నడిచే ఫైల్లో మొదలూ చివరా గుర్తులు పెడితే ఆ వరుసల్ని అక్కడి నుంచి లాక్కొస్తుంది. ఆ ఫైళ్లకు పరీక్షలు రాసి రాత్రిపూట తనంతట తానే నడిచేలా పెడితే, సాధనం కొత్త వెర్షన్ ఏ అధ్యాయాన్ని విరగ్గొట్టిందో పొద్దున్నే తెలిసిపోతుంది. పాఠకుడు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

ఒప్పందంలో రెండు వాక్యాలు

పాత ఒప్పందాల్లో 'పుస్తకం ముద్రణలో లేకపోతే హక్కులు రచయితకు తిరిగి వస్తాయి' అని ఉంటుంది. ఒకప్పుడు అది గట్టి రక్షణ. ఇప్పుడు అడిగినప్పుడు ఒక్క ప్రతి అచ్చువేసే సౌకర్యం వచ్చాక, ఈ-బుక్ ఎప్పటికీ దుకాణంలో ఉంటున్నాక, ఏ పుస్తకమూ 'ముద్రణలో లేకుండా' పోదు. ఏడాదికి మూడు ప్రతులు అమ్ముడైనా హక్కులు అక్కడే ఉంటాయి. అందుకే నన్ను అడిగే రచయితలకు రెండు వాక్యాలు రాయించుకోమంటాను. ఒకటి, వరుసగా పన్నెండు నెలల్లో అమ్మకాలు ఫలానా సంఖ్య కన్నా తగ్గితే రచయిత కోరగానే హక్కులు తిరిగిరావాలి. రెండోది, సాధనం కొత్త పెద్ద వెర్షన్ వచ్చిన రెండేళ్లలోపు కొత్త కూర్పు తేకపోతే పాఠాన్ని ఆన్‌లైన్లో దిద్ది పంచుకునే వీలు రచయితకు ఉండాలి. మొదటిదానికి ప్రచురణకర్తలు సాధారణంగా ఒప్పుకుంటారు. రెండోదానికి బతిమాలాలి.

మొదట్లో చెప్పిన పుస్తకం రచయిత దగ్గర ఈ రెండూ లేవు. ఉత్తరాలు రాసి రాసి, అమ్మకాలు దాదాపు ఆగిపోయాక హక్కులు తిరిగి తెచ్చుకోగలిగాడు. సంస్థ దగ్గర లేఅవుట్ ఫైళ్లు దొరకలేదు. పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది. సాయంత్రాలు ఇద్దరం కూర్చుని దాన్నుంచి పాఠం తీసి సాదా ఫైళ్లుగా మారుస్తున్నాం. కొటేషన్లన్నీ వంకరగానే వచ్చాయి. ఆ ప్యాకేజీ నాలుగో వెర్షన్‌కు మద్దతు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి రెండో అధ్యాయం కొత్తగా రాయాల్సి వచ్చింది. రాసిన రోజే చిరునామా ఆ పాఠకుడికి పంపాను. మర్నాడు అతని నుంచి మార్పు ప్రతిపాదన వచ్చింది, అయిదో అధ్యాయంలో మేమిద్దరం చూడని ఒక వంకర కొటేషన్‌ను సరిచేసి. దాన్ని కలుపుకున్నాం. ప్రస్తుతం తొమ్మిదో అధ్యాయం మీద పనిచేస్తున్నాం.